పుకార్ల పట్టికలో నా మాట

నేను రాసిన నిజాన్ని ఒక పరిశోధనా పత్రంలో పుకారు అని అచ్చు వేశారు. పదకొండో పేజీ, రెండో పట్టిక, నాలుగో వరుస. నా పేరు లేదు, "స్థానిక వినియోగదారుడు" అని ఉంది. మాటలు మాత్రం నావే: "అందరూ బయటికి రాలేదు. డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన ఒక మనిషి ఉన్నాడు. నిచ్చెన పంపండి." ఎదురు గడిలో ఒకటే ముక్క. పుకారు.

ఈ సంగతి ఇంటికి తెచ్చింది మా మనుమరాలు. ఆమె మేముండే సూరత్‌లోనే పబ్లిక్ రిలేషన్స్ చదువుతోంది. ఆపద వచ్చినప్పుడు కంపెనీలు ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో జనంతో ఎట్లా మాట్లాడాలో నేర్పే చదువు అది. ఊరి పక్క కడోదరా దగ్గర, బట్టకు రంగులద్దే ఒక డైయింగ్ మిల్లులో మంటలు లేచినప్పుడు మిల్లు వాళ్లు ఎంత తొందరగా, ఎంత చక్కగా జనానికి సమాచారం ఇచ్చారో మెచ్చుకుంటూ ఒక పత్రం అచ్చయింది. దాన్ని క్లాసులో పంచారు. పిల్ల చెప్పులు విప్పకుండానే, "తాతా, నీ కామెంట్ మా నోట్స్‌ల ఉన్నది. రాంగ్ దాంట్ల ఏసిండ్రు," అంది. నవ్వుతూనే అంది. నా ముఖం చూసి నవ్వు ఆపింది.

ఆ మిల్లు నాకు తెలియనిది కాదు. బట్ట మడతపెట్టే విభాగంలో ఇరవై రెండేళ్లు పనిచేసి, మోకాళ్లు మొరాయించాక మానేశాను. బడికి పోయినవాణ్ణి కాదు. తెలుగు అక్షరాలు పక్క గదిలో ఉండే సిరిసిల్ల ఆయన దిద్దించాడు. హిందీ దుకాణాల బోర్డుల మీద నేర్చుకున్నాను, గుజరాతీ ఫాఫ్డా చిరుతిండి కట్టిచ్చిన పేపర్ల మీద. ఇంగ్లీషుకు ఇప్పటికీ నిఘంటువు పక్కన ఉండాల్సిందే. ఇట్లా ఒక్కొక్క అక్షరం కూడబెట్టుకున్నవాడు చూడనిది రాయడు, తెలియనిది పక్కవాడికి పంపడు. ప్లేగు వచ్చిన ఏడు, నీళ్లలో విషం కలిపారన్న మాట విని మా గల్లీ అంతా దొరికిన రైలు ఎక్కి పోయింది. నేను ఆస్పత్రి దాకా నడిచిపోయి, గోడకు అంటించిన కాగితం చదువుకుని, తిరిగొచ్చి డ్యూటీ ఎక్కాను. పుకారు అంటే ఏమిటో నాకు ఒకరు పట్టిక గీసి చెప్పాలా?

మంటలు లేచిన రోజు పొద్దున పదకొండు దాటాక ఫోన్ మోగింది. మా డిండోలి బస్తీలోనే వెనక గల్లీలో ఉండే జగిత్యాల వైపు మనిషి, ఆ మిల్లులోనే పని. నలభై దాటినవాడు, నన్ను కాకా అంటాడు.

"కాకా, మెట్లకాడ మొత్తం పొగ. డాబ మీదికెక్కి ట్యాంకు పక్కన నిలవడ్డ. కింద ఎవలకు కనవడుతలేను. జర గేటుకు ఫోన్ కొట్టు."

కొట్టాను. గేటు వాచ్‌మన్ ఫోన్ ఆఫీసు గుమాస్తాకిచ్చాడు. డ్యూటీ జాబితాలో ఉన్న ప్రతి మనిషికీ ఫోన్ చేశామనీ, అందరూ క్షేమమని సొంత నోటితో చెప్పారనీ, నన్ను కంగారు పడొద్దనీ ఆయన చెప్పాడు. అదే మాట అప్పటికే కంపెనీ పేజీలో కూడా ఎక్కింది.

గుమాస్తా అబద్ధమాడలేదు. చిక్కంతా అక్కడే ఉంది. మా మిల్లుల్లో బద్లీ అని ఒక అలవాటుంది. ఒకరు ఊరికి పోతే వాళ్ల కార్డు మీద ఇంకొకరు పనిచేస్తారు, తిరిగొచ్చేదాకా ఆ జాగా పోకుండా కాస్తారు. సూపర్‌వైజరుకు తెలుసు, రిజిస్టరుకు తెలియదు. డాబా మీద ఉన్నవాడు తన బావ కార్డు మీద పనిచేస్తున్నాడు. బావ కంటి ఆపరేషన్ చేయించుకుని ఊళ్లో మంచం మీద ఉన్నాడు. ఆఫీసు వాళ్లు జాబితాలోని నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తింది ఆ బావ. బాగున్నావా అంటే బాగున్న సాబ్ అన్నాడు. మిల్లు వాళ్లు ఎంత మంచివాళ్లు, కన్ను సంగతి అడుగుతున్నారని సంతోషపడ్డాడట. పేరు పక్కన టిక్కు పడింది.

గేటు వినకపోతే ఎవరు వింటారు? కంపెనీ పోస్టు కిందనే హిందీలో ఆ మూడు వాక్యాలు రాశాను. రెండు నిమిషాల్లో కంపెనీ జవాబిచ్చింది, దయచేసి పుకార్లు వ్యాపింపజేయవద్దని. దాని కింద నలుగురు చేరి ముసలోడికి పనిలేదని నవ్వారు. చివరికి ఫైరింజన్ వాళ్లే చూశారు. గులాబీ రంగు చీర బట్ట పట్టుకుని వాడు డాబా మీంచి ఊపుతుంటే కనబడిందట. నిచ్చెన వేసి దింపారు. డాబా ఎక్కేటప్పుడు ఇనుప తలుపు నెట్టిన చేతులు రెండూ కాలాయి. ఆస్పత్రిలో కూడా వాడు బావ పేరే చెప్పాడు. ప్రాణం దక్కింది కదా అని నేనూ నోరు మూసుకున్నాను.

పత్రం చూశాక మూసుకోలేకపోయాను. వాడి గదికి పోయి చెప్పాను. చేతుల మీద చర్మం అప్పటికింకా బిగుసుకునే ఉంది, టీ గ్లాసు రెండు అరచేతుల మధ్య పట్టుకుని విన్నాడు.

"అయితె నేను పుకారునా కాకా? ఇంట్ల చెప్త, పుకారుకు జర అన్నం పెట్టుమని."

ఇద్దరం నవ్వాం. తర్వాత వాడు గ్లాసు కింద పెట్టాడు.

"ఊకో కాకా. నా పేరు బయటవడితె బావ కార్డు పోతది, నా పని పోతది. రెండిండ్లు గాయి గాయి అయితయి. పుకారుగనే ఉండనియ్."

వాడి మాట న్యాయమే. అయినా నాకు నిద్ర పట్టలేదు. రేపు ఇంకో మిల్లులో ఇంకొకడు డాబా ఎక్కుతాడు. కింద ఒకరు నిజం రాస్తారు. ఈ పత్రం చదువుకున్న పిల్లలే అప్పటికి ఆఫీసుల్లో కూర్చుని, పుకారు అని జవాబిస్తారు.

ఆ పత్రం రాసిన కాలేజీ మేడమ్‌కు హిందీలో ఉత్తరం రాశాను. మనుమరాలు టైపు చేసి ఈమెయిల్‌లో పంపింది. జవాబు లేదు. రెండో ఉత్తరానికి రెండు వాక్యాలు వచ్చాయి. ఆ కార్మికుడి పేరు, కార్డు నంబరు పంపితే కంపెనీని అడిగి నిర్ధారించుకుంటామని. ఎవరిని అడుగుతారట? ఆ జాబితా పట్టుకుని టిక్కులు పెట్టినవాళ్లనే.

ఇక పత్రం మొత్తం నేనే చదవాలనుకున్నాను. మొదటి పేజీ మొదటి మాట నుంచి, నిఘంటువు పక్కన పెట్టుకుని, రోజుకొక పేజీ. మనుమరాలు "మా క్లాస్‌ల ఎవ్వలు గింత చదవలే తాతా, టాపర్ అయితవు నువ్వు," అని ఏడిపించేది. పదిహేడో పేజీకి వచ్చాక నిఘంటువు మూసేశాను. అక్కడ ఒక ఫొటో ఉంది. ఆపద వేళ ఫొటోల ద్వారా జనంలో నమ్మకం కలిగించడానికి మంచి ఉదాహరణ అని, కంపెనీ పేజీ నుంచే తీసి వేశారు. నిచ్చెన మీద ఒక మనిషి దిగుతున్నాడు. ముఖం గోడ వైపు ఉంది. భుజం మీద గులాబీ బట్ట. కింద పోస్టు చేసిన సమయం. పదకొండో పేజీకి తిప్పి, "అందరూ క్షేమం" అన్న పోస్టు సమయం చూశాను. రెండింటికీ నడుమ యాభై నిమిషాలు.

మూడో ఉత్తరం చిన్నది.

"అమ్మా, మీ పదకొండో పేజీలో అందరూ బయట ఉన్నారు. పదిహేడో పేజీలో, యాభై నిమిషాల తర్వాత, ఒక మనిషి నిచ్చెన దిగుతున్నాడు. రెండూ మీరు అచ్చు వేసినవే. ఆయన ఫొటో దిగడానికి పైకి ఎక్కాడా? పేరు నన్ను అడగకండి. పేరు లేకపోయినా చేతులు కాలుతాయి."

ఫొటో దిగడానికి ఎక్కాడా అన్న మాట తీసేద్దామంది మనుమరాలు. "మేడమ్ చిడ్ జాయెగీ తాతా." కోపం వస్తే రానీ, ఒక్క అక్షరం మార్చకు అన్నాను. పంపింది.

నెల దాటాక, ఇక రాదనుకున్నాక, జవాబు వచ్చింది. హిందీలో ఉంది. తెలుగులో ఇస్తున్నాను.

"నమస్కారం. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఏది నిజం, ఏది పుకారు అని తేల్చడానికి మేము కంపెనీ ప్రకటననే కొలతగా పెట్టుకున్నాము. ఆ కొలతే తప్పయితే ఏమిటన్నది ఆలోచించలేదు. ఆ ఫొటో ఎంచుకున్నది నేనే. అందులోని మనిషి ఎక్కడి నుంచి దిగుతున్నాడని నాకు తోచలేదు. నాలుగో వరుస దిద్ది పత్రికకు పంపాను. వేస్తారో లేదో వాళ్ల చేతిలో ఉంది. వేయకపోయినా, ఇకపై ఈ పాఠం చెప్పేటప్పుడు ఆ రెండు పేజీలూ కలిపి చూపిస్తాను. ఆయన పేరు అడగను. చేతులు మానాయా?"