గీసిన ఈగ

వెలుగు పటాలు చేసే మా కార్ఖానాలో ఆమెను అందరూ డేగక్క అంటారు. పాతకాలపు చిత్రాన్ని పల్చటి గుడ్డ మీద అచ్చువేసి, అల్యూమినియం చట్రానికి రబ్బరంచుతో బిగించి, వెనక లైట్లు పెడతాం. స్విచ్ వేస్తే గోడ మీద పూలకుండీ వెలుగుతుంది. అచ్చువేసే పని నాది. వెలుతురు కనపడితే పురుగులు ఊరుకోవు కదా, బిగించేటప్పుడే ఏదో ఒకటి లోపల దూరుతుంది. లైటు వేయగానే దాని నీడ పువ్వు మీద నల్లగా పడుతుంది. ఆ నీడను పట్టుకుని పటం విప్పించడం డేగక్క పని. చీకటిగదిలో ఎత్తుపీట మీద కూర్చుని, కళ్ళలో వత్తులు వేసుకుని పదిహేడేళ్ళుగా అదే చేస్తోంది.

"రబ్బరంచు బిగిశాక చీమ కూడా దూరదు. లోపల పురుగుందంటే ఇక్కడే దూరినట్టు, నేను చూడనట్టు," అని కొత్తవాళ్ళకు పాఠం చెప్పేది. తన చేతిమీదుగా ఒక్క పురుగూ బయటికి పోలేదని గర్వం. కొంచెం ఎక్కువే గర్వం.

ఆ గర్వానికి ఒక్కసారే దెబ్బ తగిలింది. నాలుగేళ్ళ కిందట కొత్త పూలచిత్రం వచ్చింది. గులాబీలు, ద్రాక్షగుత్తి, పసుపు తులిప్ పువ్వు, దాని రేకు మీద ఈగ. డేగక్క పటం విప్పించింది. ఈగ దొరకలేదు. బిగించి లైటు వేస్తే మళ్ళీ ఉంది. మూడోసారి విప్పించి, గుడ్డను తడిబట్టతో తుడుస్తుంటే నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను.

"అక్కా, దాన్ని చిత్రకారుడే గీశాడు. అది చచ్చి మూడొందల ఏళ్ళయింది."

కార్ఖానా అంతా పడీపడీ నవ్వింది. ఆమె వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తరవాత ఆ చిత్రం ఎన్నిసార్లు వచ్చినా, పసుపు పువ్వు దగ్గర నల్లచుక్క ఉందా, సరే, అది గీసిన ఈగ అని వెనక సుద్దతో టిక్కు పెట్టేసేది.

రెండేళ్ళుగా ఆమె కళ్ళు మసకబారుతున్నాయి. అంచులు వేళ్ళతో తడుముతోంది, లైటు వేస్తే మొహం పక్కకు తిప్పుకుంటోంది. నేను చూశాను. చూసీ నోరు మెదపలేదు. ఆ పీట మీంచి దించితే మనిషి కుంగిపోతుందని జాలి. పనికిమాలిన జాలి అని ఇప్పుడు అనిపిస్తోంది.

పోయిన నెల యజమాని అందరినీ కంటి ఆసుపత్రిలో చూపించుకుని, చూపు బాగుందని కాగితం తెమ్మన్నాడు. "నీ కళ్ళకేంలే అక్కా, లెక్కకోసం," అన్నాడు. కాగితం లేకపోతే అట్టపెట్టెలు మడిచే బల్ల దగ్గరికి పోవాలి. డేగక్క చెల్లెలి కూతురు అంతకుముందే అదే కంటి ఆసుపత్రిలో అద్దాలు రాయించుకుని, అక్కడి అక్షరాల పట్టికను ఫోన్లో ఫోటో తీసుకొచ్చింది. సాయంత్రాలు ఆ పిల్ల చదవడం, ఈమె అప్పజెప్పడం. వారంలో పట్టిక మొత్తం ఎక్కాల్లా నోటికొచ్చేసింది.

ఆసుపత్రి హాల్లో కూర్చోగానే ఎదురుగోడ మీద వెలుగు కనపడింది. రంగుల ముద్దే కానీ, ఏ ముద్ద ఎక్కడుందో చూసి గుర్తుపట్టింది. పక్క కుర్చీలో అత్తగారిని తీసుకొచ్చిన ఒకావిడ ఉంది. డేగక్క ఊరుకుంటుందా?

"ఆ పటం మా దగ్గర చేసిందేనమ్మా. పసుపు పువ్వు మీద ఈగ కనపడుతోందా? నిజమైంది కాదు, గీసింది."

ఆవిడ తల వంచి చూసింది. "ఏదండీ? పైనున్న ఈగా, కిందున్న ఈగా?"

డేగక్క లేచి వెళ్ళి గోడకు ముక్కు ఆనించింది. "పైది ఎక్కడ?" అని అడిగింది. ఆవిడ వచ్చి చూపించింది. వేలు పెడితే గుడ్డ నున్నగా ఉంది. కింది దాని మీద పెడితే వెనక నుంచి చిన్న గింజలా గట్టిగా తగిలింది. రబ్బరంచు చుట్టూ తడిమింది. ఎక్కడా సందు లేదు.

లోపలినుంచి పిలుపొచ్చింది. డాక్టరు ఒక కన్ను మూయించి, పట్టిక మీద లైటు వేసి, "పై వరుస నుంచి చదవండమ్మా," అన్నాడు.

అన్ని వరుసలూ నాలుక చివరే ఉన్నాయట. తరవాత తనే చెప్పింది నాకు, అట్టపెట్టె మడుస్తూ.

"అది నాకు నోటికొచ్చు డాక్టరుగారూ," అందట. "కనపడటం లేదు."