కార్లు రాని రోడ్డు

అమెరికాలో మా పార్సిప్పనీలో సైకిలు తొక్కే మనిషి కనిపిస్తే మనవాళ్ళు జాలిపడతారు. పాపం, కారు రిపేరుకి ఇచ్చిందేమో అనుకుంటారు. ఇండియన్ స్టోర్ ముందు హెల్మెట్ పెట్టుకుని కొత్తిమీర కట్ట పట్టుకుని నిలబడితే, మా కాంప్లెక్స్‌లోనే ఉండే ఒకాయన కారు ఆపి "రైడ్ కావాలామ్మా? డ్రాప్ చేస్తాను" అనేవాడు. వద్దండీ, ఇష్టమై తొక్కుతున్నాను అంటే నమ్మేవాడు కాదు. ఆ మొహం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఈ పిచ్చి నాకు అంటించింది అక్క. తోడబుట్టినది కాదు. మా అపార్ట్‌మెంట్లకి ఎదురుగా టౌన్‌హౌస్‌లో ఉండే వరంగల్ ఆవిడ, నాకంటే చాలా పెద్దది. యార్డ్ సేల్‌లో కొన్న పాత సైకిలు తోసుకుంటూ వస్తుంటే ఒకరోజు నన్ను ఆపింది. టైరు నొక్కి చూసి, "గాలి లేదు, బ్రేకుల్లేవు, ఏం జూసి కొన్నవే?" అంది. మొహం తెలియని మనిషి నన్ను "కొన్నవే" అనేసరికి నా గోదావరి ప్రాణం చివుక్కుమంది. సాయంత్రానికల్లా టైర్లు మార్చి, చైనుకి నూనె పెట్టి తెచ్చి ఇచ్చింది. ఆ తర్వాత నా ఆదివారాలన్నీ ఆమెవే అయిపోయాయి.

మాకొక పద్ధతి ఉండేది. అక్క ముందు, నేను వెనక. వెనకున్న మనిషి చేయాల్సిన పని ఒక్కటే. కారు చప్పుడు వినబడగానే "కారొస్తోందక్కా" అని అరవాలి. ముందున్న మనిషి తల తిప్పకుండా రోడ్డు అంచుకి జరుగుతుంది. తల తిప్పి చూస్తే సైకిలు కూడా అటే తిరుగుతుందని అక్క భయం. రూట్ 46 హైవే దాటేదాకా నాకు ఊపిరి సలిపేది కాదు, ఒకటే అరుపులు. రిజర్వాయర్ వైపు మళ్ళాక కాస్త నయం. అక్కడొక చెట్టు కింద ఆగి, ఫాయిల్‌లో చుట్టుకొచ్చిన పులిహోర తినేవాళ్ళం. అక్క చేసిన పులిహోరలో పులుపు చాలదని నేను, మీ ఆంధ్రోళ్ళ నాలుక చింతపండుతో మొద్దుబారిందని ఆమె. ప్రతి వారం అదే గొడవ.

నిజం చెప్పాలంటే నాకు ఆ అరవడమే ఎక్కువ ఇష్టం. నేను ఒక్కదాన్నే ఉంటాను. ఆఫీసులో మాట్లాడేదంతా ఇంగ్లీషు, అది కూడా సిస్టమ్ ఎందుకు ఆగింది, ఎప్పటికి బాగుపడుతుంది అన్న మాటలే. శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చి తలుపు వేసుకుంటే మళ్ళీ నోరు విప్పే అవసరం రాదు. ఆదివారం పొద్దున్న మొదటి కారుకి నా గొంతు బొంగురుగా వచ్చేది, నాలుగు కార్లు పోయాక సర్దుకునేది. వారం మొత్తానికి నేను గొంతెత్తి మాట్లాడిన తెలుగు అదే. ఇది అక్కతో ఎప్పుడూ అనలేదు, సిగ్గేసింది.

ఫ్రాన్స్ సంగతి పుట్టింది ఒక పికప్ ట్రక్ వల్ల. అది మమ్మల్ని దాదాపు రాసుకుంటూ పోయింది, పోతూ పోతూ చెవులు పగిలేలా హారన్ కొట్టింది. అక్క దిగి గడ్డిలో కూలబడింది. "కార్లు లేని రోడ్డు ఈ భూమ్మీద యాడన్న ఉంటదా?" అంది. ఊరికే అన్నమాటే, కానీ నేను ఇంటికొచ్చి వెతికాను. ఉన్నాయి. మధ్య ఫ్రాన్స్‌లో లిమూజాన్ అనే ప్రాంతంలో, మ్యాప్ మీద వెంట్రుకంత సన్నగా తెల్ల గీతలు. తారు రోడ్లే, గుంటలు లేనివే. చెస్ట్‌నట్ చెట్లు, ఎర్ర ఆవులు, కునుకు తీస్తున్న చిన్న చిన్న ఊళ్ళు. టూరిస్టులు అటు పోరు, మనవాళ్ళయితే పారిస్ టవర్ కింద ఫొటో దిగి స్విట్జర్లాండ్ బస్సు ఎక్కేస్తారు.

చలికాలమంతా కూర్చుని దారి గీశాను. మ్యాప్‌లో ఎర్రగా, లావుగా ఉన్నవి పెద్ద రోడ్లు. వాటిని ఎక్కడికక్కడ తప్పించాను. ఒక్కో మలుపునీ కంప్యూటర్‌లో వీధి ఫొటోలు తెరిచి చూసుకున్నాను. ఈ చర్చి దగ్గర ఎడమకి, ఈ నీలం గేటు దాటాక కుడికి అని నాకు నోటికొచ్చేసింది. ఎక్కడైనా నాలుగు కార్లు కనబడితే ఆ రోడ్డు తీసేసి ఇంకా చిన్నది వెతికాను. అక్కకి చూపించి, "నా నోటికి ఇంక సెలవు, అరిచే పనే ఉండదు" అన్నాను. అక్క మురిసిపోయింది. వాళ్ళాయన మాత్రం టీవీ మీంచి చూపు తిప్పకుండా, "సైకిల్ తొక్కుడుకు ఫ్రాన్స్ దాకా ఎందుకు, మా ఊర్ల గూడ కార్లుండవు" అన్నాడు.

తొందర ఎందుకంటే, ఎండాకాలం అయిపోగానే అక్కావాళ్ళు ఇల్లు అమ్ముకుని మిషిగన్‌లో ట్రాయ్‌కి వెళ్ళిపోతున్నారు. అక్కడ కూతురికి కాన్పు, ఆ తర్వాత అక్కడే ఉండిపోవడం. మేమిద్దరం కలిసి తొక్కే ఆఖరి దారి ఇదేనని ఇద్దరికీ తెలుసు. పైకి అనుకోలేదు. ఫ్లైట్లు బుక్ చేశాం, సైకిళ్ళు అక్కడే అద్దెకి మాట్లాడాం.

అప్పుడు బయటపడింది నా తెలివి. నా హెచ్-వన్ ఉద్యోగ వీసా ఎక్స్‌టెన్షన్ అప్రూవల్ అంతకు ముందే వచ్చింది. ఆ సంతోషంలో అక్కకి బిర్యానీ కూడా తినిపించాను. కాగితం చేతిలో ఉంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. ఆ కాగితం ఇక్కడ ఉండడానికి. బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి రావాలంటే పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపు ఉండాలి. నా స్టాంపు ఎప్పుడో ఎక్స్‌పైర్ అయింది. కోవిడ్‌కి ముందు ఇండియా వెళ్ళొచ్చాక నేను దేశం దాటలేదు, ఆ పేజీ తిప్పి చూడలేదు. ఫ్రెంచ్ వీసాకి అప్లై చేద్దామని అక్క డైనింగ్ టేబుల్ మీద పాస్‌పోర్ట్ తెరిచినప్పుడు చూశాను. అక్కది అమెరికా పాస్‌పోర్ట్, ఆమెకి ఈ బాధ లేదు. వెళ్ళొచ్చు, కానీ తిరిగి రావడానికి ఇండియాలో స్టాంపింగ్ చేయించుకోవాలి, అపాయింట్‌మెంట్ స్లాట్లు ఎప్పుడు దొరుకుతాయో చెప్పలేం అన్నాడు మా ఆఫీసు లాయరు. మా టీమ్‌లో ఒకతను చెల్లెలి పెళ్ళికని ఇండియా వెళ్ళి అలాగే ఇరుక్కుపోయాడు, ఉద్యోగం పోయింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

"నేను గూడ పోను" అంది అక్క. నేనే పోరాను. చలికాలమంతా గీసిన దారి, ఎవరో ఒకరు తొక్కకపోతే నేను చచ్చిపోతాను అన్నాను. చివరికి ఒప్పుకుంది. ఎయిర్‌పోర్ట్‌కి నేనే డ్రైవ్ చేశాను. దారంతా ఏ మలుపు దగ్గర ఏముంటుందో వాగుతూనే ఉన్నాను.

లైవ్ లొకేషన్ పెట్టమన్నాను. నా ఫోన్‌లో నీలం చుక్క నేను గీసిన గీత మీద నెమ్మదిగా పాకుతుంటే, ఆఫీసులో మీటింగ్ మధ్యలో కూడా దాన్నే చూసేదాన్ని. ఇప్పుడు ఎత్తు ఎక్కుతోంది, ఇప్పుడు వాగు దాటుతోంది. అక్క పంపిన ఫొటోలన్నీ ఖాళీ రోడ్లే. "మంచిగున్నయి" అని ఒక్క ముక్క కింద. నాకు ఏడుపూ వచ్చింది, కుళ్ళూ వచ్చింది.

ఆ తర్వాత ఒకరోజు పొద్దున్న ఆఫీస్ పార్కింగ్‌లో కారు ఆపుతుంటే ఫోన్ మోగింది. అక్కడ మధ్యాహ్నం దాటింది.

"యాడున్ననో జూసినవా?" అంది అక్క.

"చూశాను. చర్చి ఊళ్ళో ఉన్నావు. బేకరీ దగ్గర. తిన్నావా?"

"మూసేసిన్రు. అద్దానికి కాగితం అంటించుంది. ఫోన్‌తోని చదివించిన, ఇగ తెరవరంట."

భోజనానికి నేను ఏరికోరి పెట్టిన బేకరీ అది. "నీళ్ళున్నాయా అక్కా?"

"ఉన్నయి. బిస్కట్లున్నయి. అది గాదు. పొద్దుగాల్ల సంది ఒక్క కారు రాలే. ఒక్క మనిషి కనబడలే. కిటికీలన్నీ బంద్. ఆవులు నిలబడి నన్నే జూస్తున్నయి."

"మనం కోరుకున్నది అదే కదా."

"మనం కోరుకున్నం. నువ్వు లేవు గద. భయమైతుందే. ఎనుకకెల్లి నువ్వు అరుస్తవని చెవులు అటే పెట్టి తొక్కుతున్న. పిచ్చిదాని లెక్క."

ఆ దారిలోంచి మనుషుల్ని ఏరి ఏరి తీసేసింది నేనే. ఇద్దరం ఉంటామనుకుని గీశాను. ఒక్కళ్ళే ఉంటే ఎలా ఉంటుందో నాకు తెలియదా? నాకంటే బాగా ఎవరికి తెలుసు? పార్సిప్పనీలో నా శనివారాలని తీసుకెళ్ళి ఆమె చక్రాల కింద పరిచాను. కారులో కూర్చుని ఏడ్చాను, ఆమెకి వినబడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"పెద్ద రోడ్డు ఎటుందే?" అంది.

ఎటుందో నాకు బాగా తెలుసు, చలికాలమంతా దాన్ని తప్పించడమే కదా నా పని. "చర్చి పక్కనుంచి కిందికి దిగు. నీలం గేటు దగ్గర కుడికి తిరుగు."

"నీలం గేటు లేదు. తెల్ల గేటుంది."

"రంగు మార్చుంటారు. అదే. తిరుగు."

ఫోన్ హ్యాండిల్‌కి తగిలించుకుంది. చైను చప్పుడు, గాలి, ఆమె ఆయాసం. మ్యాప్‌లో చుక్క నా గీత దాటి బయటికి వచ్చింది. నా మీటింగ్ మొదలైందని ల్యాప్‌టాప్ టింగుటింగుమంటోంది. పట్టించుకోలేదు. చాలాసేపటికి ఫోన్‌లో సన్నగా ఒక హోరు మొదలైంది. ఆ చప్పుడు నాకు తెలుసు.

"కారొస్తోందక్కా" అని అరిచాను.

హోరు పెరిగి, పక్కనుంచి పోయి, తగ్గింది.

"పోయింది" అంది అక్క. "ఇంకోటొస్తే జెప్పు."

చెప్పాను. కారు, వ్యాను, మళ్ళీ కారు, ఒక పెద్ద లారీ. అద్దాలు మూసిన కారులో ఒక్కదాన్నే కూర్చుని తెలుగులో అరుస్తుంటే, పక్కనే కారు దిగిన మా మేనేజర్ వంగి చూసి, ఏమనుకున్నాడో, నిశ్శబ్దంగా వెళ్ళిపోయాడు. ఫ్రాన్స్ రోడ్డు మీద అక్క నవ్వడం వినబడింది. నేను వెనకే ఉన్నాను. ఆ కాసేపు నిజంగానే వెనకే ఉన్నాను.

"ఫోన్ల చార్జింగ్ అయిపోతుందే" అంది. ఇంకా ఏదో అనబోతోంది. అదే సమయానికి వెనక ఇంకో హోరు మొదలైంది. గట్టిగా అరిచాను. అప్పటికే లైను లేదు. మ్యాప్‌లో చుక్క కూడా ఆగిపోయింది.

మధ్యాహ్నం ఆఫీసులో అన్నం డబ్బా వేడి చేసుకుంటుండగా మెసేజ్ వచ్చింది. "హోటల్‌కు చేరిన. అన్నం లేదు, ఆలుగడ్డలే. ఆఖరి కారు జెప్పలేదేందే?"

"చెప్పానక్కా" అని రాశాను. "నీకు వినబడలేదు."