పలక మోగని చావు

మా వైపు చావింటి ముందు పలక, అదే డప్పు, కొట్టందే పాడె లేవదు. కరోనా రోజుల్లో మా నాయన పోయినప్పుడు పలకా లేదు, పాడే లేదు. ఆస్పత్రి వెనక గేటు నుంచి ప్లాస్టిక్ సంచిలో చుట్టి వ్యానులో తీసుకుపోయారు. మమ్మల్ని దగ్గరికి కూడా రానివ్వలేదు. అమ్మ ఆ రోజు ఏడవలేదు, తర్వాతా ఏడవలేదు. నేనూ అంతే.

కొన్నాళ్లకు, శ్రీ సిటీకి పోయే కంపెనీ బస్సులో నా ఫోన్ ఒక పాట దానంతట అదే అందుకుంది. చర్చీలు రాకముందు మంచు దేశాల వాళ్లు కొలిచిన దేవుళ్ల మీద ఇప్పటివాళ్లు కట్టిన పాటట. తోలు వాద్యం మీద నిదానంగా ఒక్కో దెబ్బ, దాని వెనక కడుపులోంచి మూలిగే మగగొంతులు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ దేవుళ్లెవరైతే నాకేం? ఆ దెబ్బ ఆగితే నాకు ఊపిరాడేది కాదు. రోజూ పోతూ వస్తూ అదే పాట.

ఒక సాయంత్రం ఇంట్లో బట్టలు మడతపెడుతూ ఇయర్‌ఫోన్లు తీసేసి గట్టిగా పెట్టాను. అమ్మ వంటింట్లోంచి పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఎవురు పోయినారే?"

"నాయన" అన్నాను.

తిడుతుందనుకున్నాను. గోడకు చేరగిలబడి పాట అయిపోయేదాకా విన్నది. మళ్లీ పెట్టమని సైగ చేసింది. దెబ్బ మొదలవగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వాకిలి వైపు చూస్తూ అన్నది:

"ఇంగ పాడె ఎత్తమను."