గ్లౌజుల సైజు

బూర్గంపాడులో కార్లకు పాలిష్ పట్టే షెడ్డు నాది. పనివాళ్లెవరూ లేరు, ఒక్కడినే. పొద్దంతా మిషన్ పట్టుకుంటే ఆ అదురు చేతుల్లోనే ఉండిపోతుంది. నిన్న అన్నం కలుపుతుంటే వేళ్లకు వేడి కూడా తెలియలేదు. భయమేసి, ఈ రోజు వంతెన దాటి భద్రాచలంలో పనిముట్ల దుకాణానికి వెళ్లాను.

కౌంటర్ దగ్గర ఒక పెద్దావిడ ఉన్నారు. అదురు తగ్గించే గ్లౌజులు కావాలంటే "ఏ సైజు బిడ్డా?" అన్నారు.

"తెల్వదమ్మా."

"అయితే చెయ్యి ఇటియ్యి." నా చేతిని తన అరచేతిలో పెట్టుకుని చూశారు. "ఏంది, వేళ్లు గిట్ల వణుకుతున్నయ్? ఇంట్ల చెప్పినవా?"

"ఇంట్ల ఎవరూ లేరమ్మా."

ఆవిడ అరలోంచి రెండు జతలు తీశారు. మొదట తొడిగిన జత మరీ మందంగా ఉంది, మిషన్ మీద పట్టు దొరకదనిపించింది. అరచేతి దగ్గర మాత్రమే మెత్తగా ఉన్న ఇంకో జతను ఆవిడే తొడిగి, మణికట్టు దగ్గర పట్టీ బిగించారు. "దవాఖానాకు గూడ పో బిడ్డా, జల్దీ పో" అన్నారు.

నా చేతిని ఒక మనిషి పట్టుకుని ఎన్నాళ్లయిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

ఆ రెండో జత నాకు సరిగ్గా సరిపోయింది. అయినా "ఇంకోటి చూపియ్యమ్మా" అని మళ్లీ చెయ్యి చాపాను. మీరైతే రెండో జతతోనే తిరిగొచ్చేవారా, చెప్పండి.