సీరియల్ కోడలూ రూతమ్మ రెండో కన్నూ

1998లో ఎండలు తగ్గుముఖం పట్టిన రోజులు. అప్పుడు నేను ఆత్మకూరు ఆసుపత్రిలో ఆప్తాల్మిక్ అసిస్టెంటుని. పేరు పెద్దదే గాని పని మాత్రం తేలిగ్గా చెప్పొచ్చు. డాక్టరుగారు కంటికి ఆపరేషన్ చేయడానికి ముందూ, చేసిన తరువాతా ఉండే చాకిరీ అంతా నాది. ఊళ్ళు తిరిగి శుక్లాలున్న వాళ్ళను వెతకడం, చార్టు పెట్టి చూపు చూడటం, భయపడేవాళ్ళకి నచ్చజెప్పి జీపు ఎక్కించడం, కట్టు విప్పాక అద్దాలు సరిచూడటం. ఇన్నేళ్ళ సర్వీసులో చూపు రాలేదని నన్ను తిట్టినవాళ్ళు ఉన్నారు. చూపు వచ్చిందని తిట్టింది మాత్రం ఒక్క రూతమ్మే.

రూతమ్మది వరికుంటపాడు పక్క పల్లె. మిషన్ హాస్టల్లో వంట చేసి మానుకున్నాక, ఉదయగిరిలో కొడుకు దగ్గరికి వచ్చేసింది. రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరిపోయి, రెండేళ్ళుగా వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియని మనిషి. కొడుకూ కోడలు సుశీలా పొద్దున్నే కూలి పనులకు పోతే సాయంత్రం దాకా మంచం మీద ఒక్కతే. కంటి క్యాంపులో చూసి, ఒప్పించి, ఆత్మకూరు తీసుకొచ్చి ముందు కుడి కంటికి ఆపరేషన్ చేయించాం. కన్ను మానాక అద్దాలు ఇచ్చాం.

ఆ అద్దాల సంగతి కొంచెం చెప్పాలి. ఇప్పుడైతే శుక్లం తీసి కంటిలోపలే లెన్స్ పెడుతున్నారు. అది అప్పటికి పట్నాల్లో వచ్చింది గాని, మా క్యాంపుల దాకా రాలేదు. మేము శుక్లం తీసేసి, దాని బదులు సోడా సీసా అడుగంత మందం ఉండే ప్లస్ టెన్ అద్దాలు ఇచ్చేవాళ్ళం. వాటిని ఎఫేకిక్ గ్లాసెస్ అంటారు. పెట్టుకుంటే చక్కగా కనిపిస్తుంది, కాకపోతే ప్రతిదీ ఉన్నదానికంటే పెద్దదిగా, దగ్గరగా కనిపిస్తుంది. తీసేస్తే మళ్ళీ అంతా మసకే. అందుకని "నిద్రపోయేటప్పుడు తప్ప అద్దాలు తీయొద్దు" అని చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయేది.

ఉదయగిరిలో ఫాలో అప్ పెట్టిన రోజు రూతమ్మ వచ్చింది. ఫాలో అప్ అంటే ఆపరేషన్ అయినవాళ్ళని పిలిచి మళ్ళీ చూడటం. సుశీల చెయ్యి పట్టుకోకుండా, తనంతట తానే గడప దాటింది. చార్టులో కింది వరుసల దాకా తడుముకోకుండా చూపించింది. నాకు ఎంతో సంతోషమేసింది.

"చూపు బాగా వచ్చింది కదవ్వా?" అన్నాను.

"చూపుకేంది నాయనా, గోడ మీద చీమ కూడా కనిపిస్తాది. మనుషుల్నే నువ్వు సరిగ్గా కుదర్చలేదు" అంది.

నాకు అర్థం కాలేదు. సుశీల తల వంచుకుని నవ్వు ఆపుకుంటోంది. ఆ అమ్మాయే చెప్పింది, మధ్యాహ్నం పూట టీవీలో ఒక సీరియల్ వస్తుందనీ, చూపు లేని రోజుల్లో కూడా ఇరుగింటివాళ్ళు వచ్చి టీవీ పెట్టి పోతే అత్త రోజూ వినేదనీ. అందులో కోడలి పేరు వసుంధర.

"ఆ వసుంధర గొంతు ఎట్లుంటాది! సన్నంగా, దిగులుగా, తిండి తిని రెండు రోజులైన బిడ్డ మాట్లాడినట్టు" అంది రూతమ్మ. "కళ్ళొచ్చినాయి గదాని చూస్తే ఏముండాది? బాగా తిని మధ్యాహ్నం నిద్రపోయి లేచిన మొహం. మొగుడు మెడబట్టి బయటికి నెడితే ఏడుస్తా జడ ముందుకేసుకుంటాది. ఏడ్చేదానికి జడ గురించి ఎందుకు?"

"అద్దాల్లో ఎవరైనా లావుగానే కనిపిస్తారవ్వా. మీ సుశీల కూడా అట్లాగే కనిపించాలే" అన్నాను.

"కనిపించింది. కోడలు కాస్త ఒళ్ళు చేసిందని సంతోషపడ్డాను. అదీ అబద్ధమేనా?"

సుశీల నవ్వు ఆగిపోయింది. నేను మాట మార్చబోయాను గాని రూతమ్మ ఊరుకుంటేనా! అత్త వేషం వేసినామె గొంతు వింటే రాక్షసిలాగా ఉంటుందట, మొహం చూస్తే వాళ్ళ పాస్టరమ్మంత నెమ్మది అట. అత్తని కోడలుగా, కోడల్ని అత్తగా పెట్టాల్సిందట. మొగుడికి తన ఈడు ఉంటుందట, వాడి జుట్టుకి నల్లరంగు పూసి పెళ్ళి చేశారట. లైన్లో ఇంకా ఇరవైమంది ముసలివాళ్ళు నిలబడి ఉన్నారు. నేను కంటి చుక్కల సీసా పట్టుకుని ఒక సీరియల్ నటీనటుల ఎంపిక గురించి సంజాయిషీ ఇచ్చుకుంటున్నాను.

ఇక్కడితో ఆగినా బాగుండేది. పోతూ పోతూ అసలు ఫిర్యాదు బయటపెట్టింది.

"అది సరే. కంటికీ చెవికీ ముడి సరిగ్గా వెయ్యలేదు మీరు. మనిషి నోరు ముందు కదులుతాది, మాట తరవాత వస్తాది. ఒక్కోసారి నోరు మూసుకున్నాక కూడా మాట వస్తానే ఉంటాది."

"నా నోరు చూడు. ఇప్పుడు ఎట్లా ఉంది?"

"నీది బానే ఉండాది. నువ్వు దగ్గరుండావు గదా. దూరం పోతేనే తేడా."

నేను లేచి వరండా చివరికి పోయి, "అవ్వా, ఇప్పుడో?" అని కేకేశాను. ఆమె అద్దాలు సర్దుకుని చూసి, "అరిస్తే సరిపోతాదిలే. మామూలుగా మాట్లాడితే గదా తెలిసేది" అంది. లైన్లో వాళ్ళంతా నా వంక చూశారు. తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంతకీ నా కంగారు ఆమె మాటల గురించి కాదు, ఎడమ కన్ను గురించి. ఆ శుక్లం హైపర్‌మెచ్యూర్ దశలో ఉంది, అంటే ముదరాల్సిన దానికంటే ముదిరి లోపలే కరిగి కారడం మొదలుపెట్టింది. దాన్ని వెంటనే తీయకపోతే కంట్లో ప్రెషరు పెరిగి, భరించలేని నొప్పి వచ్చి, కన్ను పూర్తిగా పోతుంది. పోయాక ఏ డాక్టరూ చేయగలిగేది ఉండదు. అదంతా ఆమెకు చెప్పాను.

"ఈ కన్ను చేసిన ఘనకార్యం చాలు. రెండోది అట్లనే ఉండనీ" అని లేచి వెళ్ళిపోయింది.

అంతటితో వదల్లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి బయట నిలబడి, ఆపరేషన్ చేయించుకుంటే మాటా మనిషీ విడిపోతారని అందరికీ చెప్పింది. రూతమ్మ అబద్ధం ఆడదని సొంత పల్లెలో కూడా పేరు, ఆ మాట అక్కడి దాకా పాకింది. తరువాతి క్యాంపుకి వరికుంటపాడు పక్క నుంచి బయల్దేరినవాళ్ళు కొందరు జీపు దిగి ఇళ్ళకి పోయారు. డాక్టరుగారు నన్ను పిలిచారు. "ఏమయ్యా, టీవీలో వాళ్ళని నువ్వు సెలెక్ట్ చేశావా? పోయి ఆ ముసలమ్మతో తేల్చుకుని రా. ఆ కన్ను పోయిందంటే నేను ఊరుకోను" అన్నారు. ఆయనకేం, కుర్చీలో కూర్చుని ఎన్నయినా చెబుతారు.

మధ్యాహ్నం సీరియల్ వేళకి ఉదయగిరి చేరేటట్టు బస్సెక్కాను. సుశీలకి ఆ రోజు పని లేదు, ఇంట్లోనే ఉంది. రూతమ్మ నన్ను చూసి, "రా, నువ్వే చూడు. నేను చెప్తే నమ్మవు గదా" అని మంచం మీద చోటిచ్చింది.

సీరియల్ మొదలైంది. వసుంధర గుమ్మం పట్టుకుని ఏడుస్తోంది. "నేనేం తప్పు చేశానండీ" అనే మాట పూర్తయినా ఆమె పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. అప్పుడు వెలిగింది నాకు. అది అరవ సీరియల్. అక్కడ తీసినదానికి తెలుగు మాటలు అతికించారు. ఇన్ని రోజులు నాకు ఈ ఆలోచన ఎందుకు రాలేదంటే, మా ఇంట్లో కూడా అదే టీవీ, అవే సీరియళ్ళు, నేను ఒక్కరోజు కూడా వాళ్ళ నోళ్ళు చూసి ఎరుగను.

"సుశీలా, నోళ్ళు చూడమ్మా ఒకసారి" అన్నాను.

ఆమె టీవీ దగ్గరికి పోయి చూసి, "అవును సార్! పని లేనప్పుడల్లా రెండేళ్ళుగా చూస్తాండాను, నాకు తెలీనే లేదే!" అంది.

తెలుగు వార్తలు పెట్టమన్నాను. వార్తలు చదివే ఆయన మాటా నోరూ చక్కగా కలిశాయి. రూతమ్మ కాసేపు ఆయన్నే పరీక్షగా చూసి, "ఈయన బాగుండాడు. వసుంధర మొగుడుగా ఈయన్ని పెట్టకూడదా?" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నెమ్మదిగా చెప్పాను. కంటిలో లోపం లేదనీ, తెర మీద కనిపించే అమ్మాయి వేరనీ, ఎక్కడో గదిలో కూర్చుని ఆమెకి గొంతు ఇచ్చే అమ్మాయి వేరనీ.

గెలిచాననుకున్నాను. సంచిలోంచి రిఫరల్ కాగితం తీసి, రేపే బయల్దేరమని చెప్పబోతున్నాను. ఆమె వైపు చూస్తే, అద్దాల కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"అయితే రెండేళ్ళు నేను ఎవురి కోసం ఏడ్చినట్టు?" అంది.

సుశీల దగ్గరికొచ్చి, "ఉత్త సీరియలే గదత్తా" అంది.

"నీకు ఉత్త సీరియలే. మీరు పొద్దున పోతే పొద్దుగూకి వస్తారు. నాకు పగలూ చీకటే. ఆ చీకట్లో నాతో మాట్లాడింది ఆ బిడ్డొక్కతే. నా మాదిరే ఒక మూలన కూర్చోనుండే మనిషి అనుకున్నాను. అది ఎట్లుంటాదో నాకు తెలుసు. మొహం తెలుసు, చీర తెలుసు. కళ్ళిచ్చినామని మీరంతా సంబరపడినారు. కళ్ళు తెరిస్తే ఆ బిడ్డ లేదు, ఎవురో వేరే మనిషి నిలబడుండాది. రెండో కన్ను కూడా తెరిస్తే ఇంకేం మిగుల్తాది నాకు?"

అంతవరకూ ఆమె మీద ఉన్న విసుగంతా పోయింది. మా ఉద్యోగంలో చూపు పోయినవాళ్ళకి ఏం చెప్పాలో నేర్పుతారు. చూపు వచ్చి ఒక మనిషిని పోగొట్టుకున్నవాళ్ళకి ఏం చెప్పాలో ఎవరూ నేర్పలేదు. ఏదో ఒకటి చెప్పకపోతే ఆ కన్ను దక్కదు. అప్పుడు, నా సర్వీసులో ఏ పేషెంటుకీ చెప్పని మాట ఒకటి చెప్పాను.

"అవ్వా, సీరియల్ వచ్చేటప్పుడు అద్దాలు తీసెయ్యి."

ఆమె నా వైపు తిరిగింది. "తియ్యొద్దని నువ్వే గదా చంపుతావు?"

"ఆ అరగంటకి నేనేమీ అనను. తీస్తే మళ్ళీ మసకే. రెండో కన్నుకి చేసినా అంతే. పెట్టుకుంటే ఊరంతా కనిపిస్తుంది, తీస్తే నీ వసుంధర నీకుంటుంది. చేయించుకోకుండా ఆ కన్ను పోగొట్టుకుంటే మాత్రం మిగిలేది నొప్పి ఒక్కటే."

రూతమ్మ అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, సుశీలని సీరియల్ మళ్ళీ పెట్టమంది. వసుంధర ఏదో చెప్పుకుని ఏడుస్తోంది. రూతమ్మ మొహం పక్కకి తిప్పి, చెవి టీవీ వైపు పెట్టి విన్నది.

"గొంతిచ్చే ఆ బిడ్డని ఎప్పుడూ చూపియ్యరా నాయనా?" అని అడిగింది.

"చూపించరవ్వా."

"అయితే ఆ బిడ్డే నేననుకున్నట్టు ఉంటాది" అంది. కళ్ళు తుడుచుకుని, "ఎప్పుడు పోవాలి ఆత్మకూరుకి?" అని అడిగింది.

ఎడమ కన్ను దక్కింది. నేను అనుకున్నంత చూపు రాలేదు గాని, నొప్పి లేకుండా, తన పనులు తాను చేసుకునేంత వచ్చింది. ఈసారి చర్చి బయట నిలబడి, ఆపరేషన్లో తప్పేమీ లేదనీ, టీవీ వాళ్ళే మోసగాళ్ళనీ చెప్పింది. జీపు దిగిపోయినవాళ్ళు మళ్ళీ ఎక్కారు. కథ మీద ఆమె అభిప్రాయాలు మాత్రం తగ్గలేదు. ఉదయగిరిలో ఎప్పుడు క్యాంపు పెట్టినా, లైన్లో ముందుకు తోసుకొచ్చి, వసుంధరని పుట్టింటికి పంపడం ఎంత తెలివితక్కువ పనో నాకు వివరించేది. ఆ కథ నేనే రాస్తున్నట్టు!

అప్పటి నుంచి, ఆపరేషన్‌కి ముందు ప్రతి పేషెంటునీ ఒకమాట అడుగుతూ వచ్చాను, చూపు లేని రోజులు ఎట్లా గడిపారని. చార్టులో వరుసలు చూస్తే కన్ను సంగతి తెలుస్తుంది. ఆ కన్ను వచ్చాక ఏం పోతుందో వాళ్ళని అడిగితేనే తెలుస్తుంది. టీవీ చూసే అవ్వలకైతే ఇంకోటి కూడా చెప్పేవాణ్ణి, తెర మీద మనుషులు మీరు అనుకున్నట్టు ఉండరు, దానికి నన్ను తిట్టొద్దు అని. విన్న అవ్వ ఒక్కతీ లేదు.

చివరిసారి రూతమ్మని చూసింది వాళ్ళింట్లోనే, సీరియల్ వేళకి. నేను వచ్చిన అలికిడి విని అద్దాలు పెట్టుకోబోయి, మళ్ళీ ఒళ్ళో పెట్టేసుకుంది. కూర్చోమని చెయ్యి ఊపింది. సీరియల్ అయిపోయాక కూడా కాసేపు అద్దాలు పెట్టుకోలేదు.

"నాయనా, గొంతిచ్చే ఆ బిడ్డకి కళ్ళు బాగుండాయో లేదో. రోజూ అంత ఏడుస్తాది గదా" అంది. "ఎప్పుడన్నా అటు పక్క క్యాంపు పెడితే చూసి రా."