గోడమీద పడుకున్న పాప

కడుపుతో ఉన్నప్పుడు ఏది చూస్తే పుట్టే బిడ్డ అలాగే ఉంటుందని మావాళ్ళ నమ్మకం. ఒడిశా తీరంలో ఉన్న మా ఆర్యపల్లిలో ఏ ఇంట్లోనైనా గోడమీద బొద్దు పాప క్యాలెండరు కొత్తగా వెలిసిందంటే, ఆ ఇంట్లో ఎవరో నెల తప్పారని వీధి వీధంతా తెలిసిపోతుంది. సముద్రాన్ని నమ్ముకుని బతికేవాళ్ళకి ఇలాంటివి ఎక్కువని చదువుకున్నవాళ్ళు నవ్వుతారు. నేనూ డిగ్రీ చదివినదాన్నే, నేనూ నవ్వాను. మొదటి కాన్పు అలా అయ్యాక ఆ నవ్వు మానేశాను.

మొదటి బిడ్డ బరంపురం ఆస్పత్రిలో పుట్టింది. ఏడవలేదు. నాకు చూపించలేదు. చూస్తే బెంగ పెట్టుకుంటానని, ఆ బెంగకి మళ్ళీ కడుపు నిలవదని, అమ్మే మొహం మీద గుడ్డ కప్పి పంపించేసింది. మగవాళ్ళు ఆర్యపల్లి తీసుకెళ్ళి, సరుగుడు తోట వెనక ఇసుకలో పూడ్చి వచ్చారు. ఆడపిల్లన్న సంగతి కూడా ఆస్పత్రి ఆయా నోరు జారితే తెలిసింది. ఆ తరవాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నేను ఎత్తబోతే అమ్మకి ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి.

మా ఆయన నాకు మేనత్త కొడుకు. చిన్నప్పటినుంచీ బావా అనే పిలుస్తాను. ఐరోపాలో ఒక రేవు ఊళ్ళో, ఓడలు బాగుచేసే చోట వెల్డరు. నేను అన్నం ముందు పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంటున్నానని తెలిసి, తనతో పాటు నన్నూ తీసుకుపోయాడు. ఏడాది తిరక్కుండా అక్కడే మళ్ళీ నెల తప్పాను. ఇంక అమ్మ ఫోన్లకి అంతులేదు.

"మంచి బొమ్మలు సూడే తల్లీ. ఆ మోడు సెట్లూ ఆ మంచూ సూస్తా కూకుంటే ఏటి పుడతాది?"

పురిటికి నేనొక్కదాన్నీ బరంపురం రావాలని టికెట్టు తీశాం. బయలుదేరే ముందు ఒక ఆదివారం, ఏడాదిగా ఉండి కూడా చూడని పాత ఊరు చూద్దామని బావ తీసుకెళ్ళాడు. రాళ్ళు పరిచిన సన్నటి సందులు, ఒకదాని మీద ఒకటి ఒరిగినట్టుండే ఇళ్ళు. వాన పట్టుకుంది. ఎదురుగా ఎప్పటిదో వర్తకుడి మేడ, ఇప్పుడు బొమ్మల గ్యాలరీ. ఆ వేళ టికెట్టు అక్కర్లేదన్నారు. మంచి బొమ్మలు చూసినట్టూ ఉంటుంది, తడవనట్టూ ఉంటుందని లోపలికి వెళ్ళాం.

అడుగు పెట్టగానే ఎందుకొచ్చామా అనిపించింది. గోడలనిండా నల్లబట్టల మనుషులు. చీకట్లోంచి మొహాలూ చేతులూ మాత్రం బయటికి వచ్చి ఉన్నాయి. ఎటు జరిగితే అటు వాళ్ళ కళ్ళూ జరిగాయి. కింద చెక్కనేల, మేం నడుస్తుంటే కిర్రుమంది. మేం ఆగాక కూడా వెనక ఎక్కడో ఇంకోసారి కిర్రుమంది. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

మొదటి గదిలోనే ఒక పళ్ళెంలో తెగిన తల. బావ ఒక్క దూకు దూకి నా కళ్ళు మూశాడు. "బావా, మా అమ్మకి తెలిస్తే నిన్ను ఉప్పులో ఊరేస్తాది," అన్నాను. అక్కణ్ణుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రతి గదిలోకీ ముందు తను వెళ్ళి నాలుగు గోడలూ చూసి వస్తాడు. నేను గుమ్మంలో చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని గంతలు కట్టిన గానుగెద్దులా నిలబడతాను. "ఇది వొద్దు, అంతా నెత్తురే." "ఇక్కడ కుడిగోడ సూడు, ఎడంపక్కకి తిరక్కు." అలా సగం మేడ చూసీ చూడకుండా దాటాను. ఒకచోట మాత్రం చేపల బొమ్మ దగ్గర ఆగనిచ్చాడు. బల్లమీద పరిచిన పెద్ద పెద్ద చేపలు, ఎంత బాగా వేశాడో. కన్ను లోపలికి పోయింది, చెవులు, అవే మొప్పలు, నల్లబడ్డాయి. పట్టి రెండు రోజులైన సరుకు, మా అమ్మయితే బేరం కూడా ఆడదు అని చెప్పి నవ్వాను. చచ్చినదాన్ని చూసి పోల్చుకోవడం నాకు తెలుసనే అనుకున్నాను.

చివరి గదిలోంచి బావ కేక పెట్టాడు. "ఓలే, రా రా! ఇది నీకోసవే ఉన్నాది."

చిన్న గది. ఒకే ఒక్క బొమ్మ. తెల్లటి అల్లికల దిండు మీద పాప పడుకుని ఉంది. బొద్దు బుగ్గలు, తలచుట్టూ చిన్న చిన్న పూల దండ, కొంచెం తెరుచుకున్న పెదాలు, కుడిచేతిలో ఒక పువ్వు. వెనక అంతా చీకటి. ఆ చీకట్లోంచి వెలుగు పాప మీద మాత్రం పడుతోంది. ఎదురుగా బల్ల వేసి ఉంది. బావ నన్ను కూర్చోబెట్టి, "తనివితీరా సూడు," అన్నాడు. చూశాను. కడుపులో కదిలింది. ఆ ఏడాదిలో నాకు అంత సుఖంగా అనిపించిన పూట ఇంకొకటి లేదు.

గదికి కాపలా ఒక ముసలావిడ. తల ముగ్గుబుట్ట. ఎప్పుడొచ్చిందో, అడుగుల చప్పుడైనా లేదు. నా కడుపు చూసింది, బొమ్మ చూసింది, మళ్ళీ నా మొహం చూసింది. వచ్చి సరిగ్గా నాకూ బొమ్మకూ మధ్య నిలబడింది. తన భాషలో మెల్లగా ఏదో చెప్పి, నా మోచెయ్యి పట్టుకుని లేపి, పక్కగదిలో ఎండకాస్తున్న పొలం బొమ్మ ముందుకి నడిపించింది.

నాకు ఒళ్ళు మండింది. "ఏటి, మనం ముట్టుకుని పాడుసేస్తావనుకున్నాదా? దీని సొమ్మేటి పోయినాది?"

బావ ఊరుకోమన్నాడు. నేనెందుకు ఊరుకుంటాను? అటునుంచి చుట్టూ తిరిగి వచ్చి మళ్ళీ అదే బల్లమీద, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చున్నాను. ముసలావిడ ఈసారి అడ్డం రాలేదు. గుండెమీద చెయ్యి వేసుకుని మొహం పక్కకి తిప్పుకుంది. బావ ఫోన్లో బొమ్మ తీసుకుంటే కూడా ఏమీ అనలేదు.

ఆ సాయంత్రమే అమ్మకి పంపాను. ఏది పంపినా వెంటనే గుక్క తిప్పుకోకుండా మాట్లాడి పంపే మనిషి, చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. చివరికి ఒక్క ముక్క వచ్చింది. "ఈ బొమ్మ నాకు పెద్దది కావాల."

నేను బరంపురం చేరేసరికి బొమ్మ గోడమీద ఉంది. నాన్న పోయాక అమ్మ బజార్లో ఎండుచేపలు అమ్ముకుంటూ, వెనక సందులో ఒక చిన్న ఇంట్లో ఉంటోంది. ఉన్న ఒక్క గదిలో, మంచానికి ఎదురుగా, ఫొటో స్టూడియోలో పెద్దది చేయించి అద్దం బిగించి పెట్టింది. పాప నిజం పాపంత ఉంది. దాని బుగ్గకి కూడా అమ్మ దిష్టిచుక్క పెట్టింది.

పొద్దున్నే అమ్మ బజారుకి వెళ్ళిపోయేది. నేనూ ఆ పాపా మిగిలేవాళ్ళం. మధ్యాహ్నాలు కిటికీ తలుపు వేసి పడుకునేదాన్ని. ఫ్యాను నీడ అద్దం మీద తిరుగుతుంటే పాప పొట్ట ఎగిసి పడుతున్నట్టు ఉండేది. కరెంటు పోయి ఫ్యాను ఆగితే అదీ ఆగేది. అప్పుడు నా ఊపిరి కూడా ఆగినట్టయ్యేది. లేచి కూర్చుని కడుపు తడిమి చూసుకునేదాన్ని. లోపలిది అప్పటిదాకా తన్నుతున్నది ఆ బొమ్మకేసి తిరగ్గానే ఊరుకుంటోందని ఒక అనుమానం పట్టుకుంది. ఇవతలికి తిరిగి పడుకుంటే వీపుమీద ఎవరో చూస్తున్నట్టుండేది. కళ్ళు మూసుకున్న పాప ఎలా చూస్తుంది అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఒకరోజు స్నానం చేసి వస్తే అమ్మ బజారునుంచి అప్పుడే వచ్చి, బొమ్మ పక్కన నిలబడి ఉంది. గోడమీద అరచేత్తో మెల్లగా జో కొడుతోంది.

"గోడకి నిద్దరొస్తన్నాదేటమ్మా?" అన్నాను, నవ్వుదామనే.

అమ్మ ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది. నవ్వలేదు. "బూజు దులుపుతన్నాను," అంది.

ఆ రోజు నుంచీ బొమ్మని వేరే రకంగా చూడటం మొదలుపెట్టాను. పువ్వు దగ్గర నా చూపు ఆగిపోయింది. పసిపిల్ల చేతిలో ఏం పెట్టినా గుప్పిట బిగిస్తుంది. ఈ పాప వేళ్ళు బిగించలేదు. పువ్వుని ఎవరో ఆ వేళ్ళ మధ్య దూర్చి పెట్టారు. పెదాల చుట్టూ ఉన్న నీలం రంగు చీకటి వల్ల పడ్డ నీడ కాదు. బావకి ఫోన్ చేసి, మళ్ళీ వెళ్ళి ఆ బొమ్మ కింద ఏం రాసి ఉందో కనుక్కోమన్నాను.

వెళ్ళి వచ్చాక తనే ఫోన్ చేశాడు. "ఆ బొమ్మ గోడమీంచి తీసీ," అన్నాడు.

"ఏటి రాసున్నాది?"

"ఏటీ నేదు. తీసీ అంతే."

బావకి అబద్ధం చేతకాదు. కాసేపు గింజుకుని చెప్పేశాడు. కింద రాసింది ఫోన్‌తో ఇంగ్లీషులోకి మార్చుకుని చదివాడట, ఆ ముసలావిడ కూడా ఎవరిచేతో ఇంగ్లీషులో చెప్పించిందట. అది నిద్రపోతున్న పాప కాదు. పోయిన పాప. ఆ బొమ్మ వేసిన రోజుల్లో డబ్బున్నవాళ్ళు, బిడ్డ పోతే మట్టి చేసేలోపు బొమ్మలు వేసేవాణ్ణి పిలిపించి మొహం గీయించుకునేవారట. కావాలన్నప్పుడు చూసుకోవడానికి. ఆవిడ ఆ వేళ నాకు అడ్డం వచ్చింది అందుకే.

ఫోన్ పెట్టేసి మంచం చివరికి జరిగాను. ఇన్నాళ్ళూ నా కడుపుకి నేను చూపించింది దీన్నా? ఏది చూస్తే అదే పుడుతుందన్న మాట చెవిలో ఎవరో చెబుతున్నట్టే ఉంది. ఎంత తడిమినా లోపల కదలలేదు. అమ్మ వచ్చేదాకా అలాగే కూర్చున్నాను. చివరికి అమ్మ గంప దించిన చప్పుడుకి లోపల ఒక తన్ను తన్నింది.

చెప్పాను. శాపనార్థాలు పెడుతుందనుకున్నాను, బొమ్మ తీసి నేలకేసి కొడుతుందనుకున్నాను. అమ్మ గోడవారకి, ఆ బొమ్మ కిందనే, చతికిలబడింది.

"అందుకేనేటి," అంది. "అందుకే మనదానిలాగున్నాది."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"నువ్వు ఫోన్లో పంపగానే నా పేనం జారిపోనాది తల్లీ. అదే మొకం. అవే బుగ్గలు. మనదే ఏదో దేశం ఎల్లి అక్కడ పడుకున్నాదనుకున్నాను. రోజూ దీన్నే సూస్తే మనదే మళ్ళా నీ కడుపులోకి వస్తాదనుకున్నాను. నాను దాన్ని సూసిందే కళ్ళు మూసుకునుండగా. పడుకున్నదో పోయినదో నాకేటి తెలస్తాది?"

భయం వేసింది. కోపమూ వచ్చింది. కానీ వాటికన్నా ఎక్కువగా వచ్చింది అసూయ. ఎక్కడో, ఎన్ని తరాల కిందటో, ఒక తల్లికి తన బిడ్డని చూడనిచ్చారు. చూడనివ్వడమే కాదు, గోడమీద పెట్టుకోనిచ్చారు. నన్ను ఒక్క నిమిషం కూడా చూడనివ్వలేదు.

బొమ్మ ఇంట్లో ఉండకూడదని ఇద్దరికీ తెలుసు. పొయ్యిలో పెట్టేద్దామన్నాను. అమ్మ చెవులు మూసుకుంది. "పసిపిల్లల్ని కాలుస్తారేటే? మట్టిలోనే ఎట్టాల." ఆర్యపల్లి తీసుకెళ్ళి సరుగుడు తోట వెనక, మా పాప పక్కనే పెట్టి వస్తానంది. కడుపుతో ఉన్నదాన్ని, నేను అక్కడికి వెళ్ళకూడదు.

మర్నాడు పొద్దున్నే అమ్మ అద్దమూ చట్రమూ ఊడదీసింది. తన పాత నేతచీర ముక్క పరిచి బొమ్మని దానిమీద పెట్టి, కాళ్ళవైపు నుంచి కప్పుకుంటూ వచ్చింది. మొహం దగ్గరికి రాగానే, "ఆగమ్మా. ఒక్కసారి సూడనియ్యి," అన్నాను.

అమ్మ చెయ్యి ఆగిపోయింది. నాకేసి చూడలేకపోయింది. తరవాత గుడ్డ వెనక్కి తీసి, బొమ్మని ఎత్తి నా ఒళ్ళో పెట్టింది.

చూశాను. ఎవరూ తొందరపెట్టలేదు. జుట్టు ఇలాగే ఉండేదా అని అడిగాను. ఇంకా ఒత్తు, నుదుటి మీదికి పడేది అంది. చెవులు? బావవి. గోళ్ళు? పెరిగి ఉన్నాయి, కత్తిరించాల్సినంత. నేను అడగడం, అమ్మ చెప్పడం, ఈలోపు ఆర్యపల్లి వైపు పోయే ఛత్రపురం బస్సు వెళ్ళిపోయింది. తరవాతి బస్సుకి, గుడ్డలో చుట్టినదాన్ని గుండెకి ఆనించుకుని అమ్మ వెళ్ళింది. దారిలో ఒకామె బిడ్డకి ఎన్నో నెల అని అడిగిందట. అమ్మ చీర ఇంకాస్త దగ్గరికి లాక్కుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుందట.

నెలలు నిండాయి. అదే ఆస్పత్రి. బిడ్డ బయటపడింది, ఏడుపు లేదు. పాత ఊళ్ళో ఆ చిన్నగది, ఆ బల్ల, ఆ చీకటి అన్నీ నా చుట్టూ వచ్చి నిలబడ్డాయి. అది ఎంతసేపో నాకు తెలియదు. ఆ తరవాత కీచుమని ఒక గొంతు లేచింది, లేచి ఇంక ఆగలేదు.

నర్సు బిడ్డని తుడవడానికి తీసుకుపోతుంటే, తలుపు దగ్గర అమ్మ ఒడియాలోనూ తెలుగులోనూ కలిపి అరిచింది. "ముందు దాని తల్లికి సూపండి! ముందు దానికే సూపండి!"

నా గుండెమీద పడుకోబెట్టారు. సన్నటి మొహం, చప్పిడి ముక్కు, తలమీద నాలుగు వెంట్రుకలు. కళ్ళు రెండూ తెరిచి, ఎవరిమీదో కోపం ఉన్నట్టు చూస్తోంది. అమ్మ దగ్గరికి వచ్చి వంగి, చాలాసేపు వెతికినట్టు చూసింది.

"ఇది అది కాదే," అంది మెల్లగా. "ఇదెవురో కొత్తది."

అది ఇక రాదన్నమాట. చేతుల్లో ఉన్నది ఎర్రగా అరుస్తుంటే, దాన్ని అదుముకుని, దాని అక్క కోసం నేను మొట్టమొదటిసారి గొంతెత్తి ఏడ్చాను. ఈసారి అమ్మ ఊరుకోమనలేదు.