పెద్ద సిస్టర్ కొలిచిన భయం

ఆపరేషన్ల వార్డులో పెద్ద సిస్టర్ అంటే ఆమే. ఇరవై రెండేళ్ల సర్వీసు. నలభై ఆరో ఏట మళ్లీ చదువు మీదకు మనసు మళ్లి సైకాలజీ ఎమ్మేలో చేరింది. ప్రాజెక్టుకు విషయం కోసం ఆమె వెతుక్కోలేదు. ఆపరేషన్‌కు ముందు పక్కన కూర్చుని పది నిమిషాలు మాట్లాడితే రోగికి భయం తగ్గుతుందని ఆమెకు ఎప్పుడో తెలుసు. కాగితం మీద చూపించడమే మిగిలిందనుకుంది.

ఒప్పుకున్న ఇరవై నలుగురి చేత, మాటలకు ముందొకసారి, తర్వాతొకసారి పది ప్రశ్నల కాగితం నింపించింది. మార్కులు ఎక్కువైతే భయం ఎక్కువని లెక్క. నలభైకి సగటున ఇరవై ఏడు ఉన్నది ఇరవై అయిదుకు దిగింది. అంకెలన్నీ కంప్యూటర్‌లో ఎక్కించి, రెండు సగటులను పోల్చడానికి క్లాసులో నేర్పిన ‘టి-టెస్ట్’ అనే గణాంక పరీక్ష చేస్తే పి-విలువ 0.21 వచ్చింది. 0.05 కంటే తక్కువైతేనే ఫలితాన్ని లెక్కలోకి తీసుకుంటారని నోట్సులో ఉంది. ఆమెకు నీరసం వచ్చింది.

గైడు మేడమ్ ఆమె కన్నా పదిహేనేళ్లు చిన్నది. కాగితాలు తిరగేసి, ఆ పరీక్ష వేర్వేరు మనుషుల గుంపులను పోల్చడానికని, ఇక్కడ ముందూ తర్వాతా అదే మనిషి కనుక జతల పరీక్ష చేయాలని చెప్పింది. చేస్తే 0.03 వచ్చింది.

సంతోషించాల్సింది పోయి పెద్ద సిస్టర్ అయోమయంలో పడింది. రోగులు వాళ్లే, అంకెలు అవే. మరి ఫలితం ఎలా మారింది?

“అనుకున్న జవాబు వచ్చేదాకా పరీక్ష మార్చినట్టు లేదా మేడమ్?”

“జవాబు చూసి మారిస్తే తప్పే. మనం మీరు కొలిచిన తీరు చూసి మార్చాం. అయినా మొదట ఏది చేశారో అదీ రాసేయండి సిస్టర్.”

ఆమె భర్త దర్జీ. మిషన్ తొక్కుతూనే సంగతంతా విని, అయితే నూటికి తొంభై ఏడు పాళ్లు నీ మాటే నిజమన్నమాట అన్నాడు. ఆమెకూ అలాగే తోచింది. మర్నాడు మేడమ్‌తో అంటే, కాదు పొమ్మంది. మాటల వల్ల ఏ ఫలితమూ లేకపోయినా ఇంత తేడా, లేదా ఇంతకన్నా పెద్ద తేడా, కాకతాళీయంగా నూటికి మూడుసార్లు కనిపించవచ్చని మాత్రమే దాని అర్థమట. మూడుసార్లు చెప్పించుకుంది. వింటున్నంతసేపూ అర్థమైనట్టే ఉంది. మెట్లు దిగేసరికి జారిపోయింది.

పైగా, మాట్లాడకపోయినా కాసేపటికి భయం దానంతటదే తగ్గుతుందేమో అని మేడమ్ ఇంకో మెలిక పెట్టింది. దాంతో మళ్లీ మొదలు. ఈసారి నలభై మంది. మడతపెట్టిన చీటీ తీసి, సగం మందితో మాట్లాడాలి, సగం మందితో మాట్లాడకూడదు.

ఏడో రోజు ఒక ముసలి తాపీమేస్త్రికి మాటలు లేని చీటీ వచ్చింది. పక్క మంచం దగ్గర ఆమె కూర్చుని లేవడం అతను చూశాడు.

“నా దగ్గర కూర్చోవా తల్లీ?”

ఆమె చీటీ వైపు చూసింది, అతని వైపు చూసింది. కూర్చుంది. అతని కూతురి గురించి, జారిపడిన గోడ గురించి మాట్లాడుకున్నారు. తర్వాత కాగితం నింపిస్తే అతని భయం మూడు మార్కులు పెరిగింది.

అతన్ని లెక్కలోంచి తీసేయనా అని అడిగితే మేడమ్ ఒప్పుకోలేదు. చీటీ ఏ గుంపంటే ఆ గుంపులోనే ఉంచి, జరిగింది రాయమంది.

“నేను కూర్చున్నాను కదా మేడమ్. కూర్చోని గుంపులో ఎలా ఉంటాడు?”

“మనకు ఇబ్బందైన వాళ్లనల్లా తీసేస్తే ఇక చీటీలు ఎందుకు?”

ఆమె తలాడించింది గానీ, సగమే ఎక్కింది. పైగా ఈసారి రెండు గుంపుల్లోనూ మనుషులు వేరు కనుక, అప్పుడు తప్పన్న పరీక్షే ఇప్పుడు సరైనదట. చేసింది. 0.34 వచ్చింది.

మౌఖిక పరీక్షలో బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్, అంటే మాటల వల్ల ఉపయోగం లేదనేగా అన్నాడు. పెద్ద సిస్టర్ రిపోర్టు తెరిచి 0.34 దగ్గర వేలు పెట్టింది.

“లేదని తేలలేదండీ. ఉందనీ తేలలేదు. నలభై మందిలో నాకు కనిపించలేదు, అంతే.”

ప్రొఫెసర్ ఏదో రాసుకున్నాడు. ఆమె పాసైంది.

ఇంటికి వచ్చాక భర్త, ఇంతకీ ఏం తేలిందని అడిగాడు. తేలడానికి నలభై మంది చాలరంది. మర్నాడు డ్యూటీకి వెళ్లగానే పెద్ద డాక్టరును కలిసి, ఈసారి రెండు వందల మందిని చూడటానికి అనుమతి అడిగింది.